విశాఖలో మేయర్ మారితే మా వీధి కాలువ పని కదులుతుందా? జీవీఎంసీ (గ్రేటర్ విశాఖ మునిసిపల్ కార్పొరేషన్)లో అసలు అధికారం ఎవరిది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మధురవాడ వైపు మీ వీధికి పక్కా కాలువ కోసం ఎప్పటినుంచో తిరుగుతున్నారు. 2025 ఏప్రిల్‌లో అవిశ్వాసంతో మేయర్‌ను దింపినప్పుడు ‘ఇక పనైపోయినట్టే’ అని కాలనీలో అన్నారు, కాలేదు. ఇంతకీ అధికారం మేయర్‌దా, కమిషనర్‌దా? 2012 నుంచి తొమ్మిదేళ్ళు కౌన్సిల్ లేకుండానే ఊరు నడిచింది కదా, మరి కౌన్సిల్ ఉండి ఒరిగేదేమిటి?

ముందు సూటి జవాబు. మేయర్ కుర్చీలో ఎవరున్నా మీ కాలువ ఫైలు దానంతటది కదలదు. ఎస్టిమేటు, దానికో పద్దు, దాన్ని మంజూరు చేసే అధికారం ఈ మూడూ కలిసిన రోజే పని మొదలవుతుంది. మేయర్ వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా ఇవ్వలేరు. కమిషనర్ ఎస్టిమేటు వేయించగలరు, పద్దు చూపించగలరు, మంజూరు మాత్రం ఒక పరిమితి వరకే చేయగలరు. ఇక కౌన్సిల్ లేకపోతే పెద్ద పనులు ఆగవు. మీ వీధి లాంటి చిన్న పనుల గురించి అడిగే మనిషి ఉండడు, అంతే తేడా. ఆ ‘అంతే’ చిన్నదేమీ కాదు.

ఎందుకిలా ఉందో తెలియాలంటే చట్టం దగ్గరికి వెళ్ళాలి. విశాఖ 1979లో కార్పొరేషన్ అయినప్పుడు దానికి కొత్తగా చట్టం అల్లలేదు. 1955లో, ఇంకా ఆంధ్రప్రదేశ్ పుట్టకముందు, హైదరాబాద్ రాష్ట్రం కోసం చేసిన మునిసిపల్ కార్పొరేషన్ల చట్టాన్నే 1979 నాటి విశాఖ చట్టం ద్వారా ఇక్కడికి వర్తింపజేశారు. ఆ పాత చట్టం అధికారాన్ని ఒకరి చేతిలో పెట్టదు. కౌన్సిల్, స్థాయీ సంఘం, కమిషనర్ అని మూడు చోట్లకు పంచుతుంది. ఈ మూడింట్లో మేయర్ పేరు విడిగా లేదని గమనించండి. ఆయన కౌన్సిల్‌కు అధ్యక్షుడు, స్థాయీ సంఘానికి చైర్మన్. కార్యనిర్వాహక అధికారం కమిషనర్‌ది. ఆ కమిషనర్‌ను నియమించేది రాష్ట్ర ప్రభుత్వం, బదిలీ చేసేదీ అదే. ముఖ్యమంత్రి, మంత్రివర్గం నమూనాను మనసులో పెట్టుకొని మేయర్‌ను చూస్తే మొదటి అడుగులోనే పొరబడతాం. మేయర్ స్థానం అసెంబ్లీ స్పీకర్‌కు కాస్త దగ్గర, దానికి తోడు కొంత పలుకుబడి.

మూడింట్లో జనం పట్టించుకోనిదీ, పట్టించుకోవలసినదీ స్థాయీ సంఘం. పదిమంది సభ్యులు. కార్పొరేటర్లు తమలోంచే ఏడాదికోసారి ఎన్నుకుంటారు. మధ్యస్థాయి పనుల మంజూరు, కాంట్రాక్టుల ఆమోదం, కౌన్సిల్‌కు వెళ్ళేముందు బడ్జెట్ పరిశీలన, అన్నీ ఇక్కడే జరుగుతాయి. 2024 ఆగస్టులో ఏమైందో గుర్తుందా? 2021 ఎన్నికల్లో 98 వార్డులకు వైఎస్సార్‌సీపీ 58, తెలుగుదేశం 30 గెలిచాయి. మూడేళ్ళు తిరిగేసరికి రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, కొందరు కార్పొరేటర్లు పార్టీలు మారారు, స్థాయీ సంఘం ఎన్నికలో పదికి పది తెలుగుదేశం–జనసేన–బీజేపీ కూటమి అభ్యర్థులే గెలిచారు. అది రహస్య బ్యాలెట్, విప్ పనిచేయదు. అంటే అవిశ్వాసానికి ఎనిమిది నెలల ముందే సంఘం చేయి మారింది. మేయర్ గొలగాని హరి వెంకట కుమారి ఒక పార్టీ, ఆమె చైర్మన్‌గా కూర్చున్న సంఘంలో పదిమందీ అవతలి పక్షం. మేయర్ మారాక ఏదో మారుతుందని ఎదురుచూసిన వాళ్ళు గమనించనిది ఇదే. పనుల మంజూరుకు సంబంధించినంతవరకు అసలు మార్పు అంతకుముందే అయిపోయింది.

అవిశ్వాసం లెక్క కూడా చెప్పేస్తాను, చాలామంది తప్పుగా రాస్తున్నారు. అప్పుడు అమల్లో ఉన్న నిబంధన ప్రకారం మేయర్ పదవి చేపట్టి నాలుగేళ్ళు నిండాలి. 2021 మార్చి 18న ఎన్నికయ్యారు కాబట్టి 2025 మార్చి దాకా నోటీసు ఇచ్చే వీల్లేదు. ఓటుహక్కు ఉన్న సభ్యుల్లో కనీసం సగం మంది సంతకాలతో నోటీసు, నెగ్గడానికి మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతులు. హాజరైనవాళ్ళలో మూడింట రెండొంతులు కాదు, మొత్తంలో. ఒక స్థానం ఖాళీ పోగా కార్పొరేటర్లు 97, ఎమ్మెల్యేలు, ఎంపీ, ఎమ్మెల్సీలు కలిపి ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా) సభ్యులు 14. మొత్తం 111, అందులో మూడింట రెండొంతులు 74. ఏప్రిల్ 19న కలెక్టర్ అధ్యక్షతన జరిగిన సమావేశంలో సరిగ్గా 74 ఓట్లు పడ్డాయి. ఒక్క ఓటు తగ్గినా వీగిపోయేది. ఏప్రిల్ 28న పీలా శ్రీనివాసరావు మేయర్‌గా ఎన్నికయ్యారు. ఎక్స్ అఫీషియో ఓట్లు లేకుండా ఈ లెక్క తేలదు. కార్పొరేషన్ రాజకీయం అసెంబ్లీ ఫలితాల వెంటే నడవడానికి ఒక కారణం అది. ఎన్నికల్లో గెలవకుండా కౌన్సిల్ చేర్చుకునే కో-ఆప్షన్ సభ్యులు మాత్రం సభలో మాట్లాడగలరు, ఓటు లేదు.

ఇప్పుడు మీ కాలువ. ఫైలు ఎక్కడ పుట్టి ఎక్కడ ఆగుతుందో వివరంగా చెబుతాను, మీకు పనికొచ్చేది ఇదే.

మీ అర్జీ వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీకి ఇచ్చినా, సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చినా, కార్పొరేటర్ లెటర్‌హెడ్ మీద వెళ్ళినా, చివరికి చేరేది ఆ వార్డు ఇంజనీరింగ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) దగ్గరికే. ఆయన వచ్చి టేపు పెట్టి పొడవు కొలిచి, లెవెల్స్ తీసుకొని ఎస్టిమేటు రాయాలి. ఇక్కడే సగం ఫైళ్ళు చెడతాయి. వీధి పొడవునా కాలువ గీసి, ఆ నీళ్ళు చివరికి ఎక్కడ పడతాయో రాయని ఎస్టిమేట్లు బోలెడు. విశాఖలో వీధి కాలువ పెద్ద కాలువలో కలవాలి, పెద్ద కాలువ గెడ్డలో (కొండల నుంచి దిగే వాగులో), గెడ్డ సముద్రంలో. మధురవాడ లాంటి కొండవాలు ప్రాంతాల్లో పై లేఅవుటు నీళ్ళన్నీ కింది వీధి మీదికే దిగుతాయి. మీ వీధి ఒక్కదానికే సరిపడే కొలతతో కడితే తొలి వానకే పొర్లుతుంది. అందుకని అర్జీలో ‘మా వీధికి కాలువ కావాలి’ అని ఊరుకోకండి. ఏ ఇంటి దగ్గర మొదలై, ఏ కాలువలో లేక ఏ గెడ్డలో కలవాలో, మధ్యలో కల్వర్టు ఎక్కడ కావాలో, ఎన్ని కరెంటు స్తంభాలు అడ్డొస్తాయో చేత్తో గీసిన బొమ్మతో సహా ఇవ్వండి. స్తంభాలు జరపాలంటే కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌కు విడిగా డబ్బు కట్టాలి. అది ఎస్టిమేటులో లేకపోతే టెండరు అయ్యాక పని నెలల తరబడి నిలిచిపోతుంది. భూగర్భ డ్రైనేజీ పైపు మీ వీధికి రావలసి ఉందేమో కూడా అడగండి. ముందు కాలువ కట్టి తర్వాత యూజీడీ కోసం తవ్వడం మన ఊళ్ళో కొత్తేమీ కాదు.

ఎస్టిమేటు ఏఈ నుంచి ఆయన పై ఇంజనీర్లయిన డీఈకి, ఈఈకి, మొత్తాన్ని బట్టి ఎస్‌ఈకి వెళ్తుంది. ఇందులో రెండు వేర్వేరు మంజూరులున్నాయి. పాలనాపరమైన అనుమతి అంటే ‘ఈ పని చేయొచ్చు, డబ్బు ఈ పద్దులోంచి’ అని. సాంకేతిక అనుమతి అంటే ‘లెక్క, డిజైను సరిగా ఉన్నాయి’ అని. ఆఫీసులో ఎవరైనా ‘శాంక్షన్ అయిపోయిందండి’ అంటే ఏ శాంక్షనో అడగండి. సాంకేతిక అనుమతి మాత్రమే వచ్చి పద్దు లేక అల్మారాలో పడి ఉన్న ఎస్టిమేట్లు ప్రతి జోన్‌లోనూ ఉంటాయి. పాలనాపరమైన అనుమతి ఎవరివ్వాలన్నది మొత్తాన్ని బట్టి. చిన్నవి కమిషనర్, ఆపై స్థాయీ సంఘం, ఆపై కౌన్సిల్, మరీ పెద్దవైతే ప్రభుత్వం. ఈ పరిమితుల్ని ప్రభుత్వం జీవోలతో మారుస్తుంటుంది. పరిమితి దాటకుండా ఒకే వీధిని రెండు మూడు ఎస్టిమేట్లుగా ముక్కలు చేయడం పాత అలవాటే, ఆడిట్‌లో మొట్టమొదట పట్టుకునేదీ అదే. ‘త్వరగా అవుతుంది, ముక్కలు చేద్దాం’ అని మీకెవరైనా సలహా ఇస్తే వద్దనండి. ఆడిట్ అభ్యంతరం పడిందంటే బిల్లు ఆగుతుంది, బిల్లు ఆగితే కాంట్రాక్టరు మిగతా పని వదిలేసి పోతాడు.

కౌన్సిల్ దాకా వెళ్ళిన అంశం అజెండా పుస్తకంలో ఒక పేరాగా కనిపిస్తుంది. పైన వరుస సంఖ్య, కింద వార్డు నంబరు, పని పేరు, అంచనా మొత్తం, ఏ పద్దు, సంబంధిత అధికారి నోటు, చివర ‘కౌన్సిల్ వారి ఆమోదం నిమిత్తం’ అనే తరహా వాక్యం. అక్కడ రెండు విషయాలు చూడాలి. ఒకటి పద్దు: ‘జనరల్ ఫండ్’ అని ఉంటే కార్పొరేషన్ సొంత రాబడి మీద ఆధారపడినట్టు. రెండోది ఆ నోటులో ‘ర్యాటిఫికేషన్’ అనే మాట ఉందా లేదా. ఉంటే పని ఇప్పటికే జరిగిపోయింది, ఇప్పుడు ముద్ర వేయమంటున్నారని అర్థం. సభ రోజున పంచే టేబుల్ అజెండా మీద ప్రతిపక్ష కార్పొరేటర్లు ఎందుకు గొడవ చేస్తారో దీన్నిబట్టే తెలుస్తుంది. చదవడానికి సమయం ఇవ్వకుండా ఆమోదించమంటే అడగాల్సినవి అడగలేరు.

పద్దు సంగతి ఇంకొంచెం. ‘కేంద్రం నుంచి కోట్లు వస్తున్నాయి కదా, మా కాలువకి లేవా’ అని చాలామంది అడుగుతారు. పది లక్షల పైచిలుకు జనాభా ఉన్న నగర ప్రాంతాలకు 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి వేరే దారి పెట్టింది. రాష్ట్రంలో ఆ కోవలోకి వచ్చేవి విశాఖ, విజయవాడ. ఆ నిధుల్లో మూడో వంతు గాలి నాణ్యతకు, మిగతా రెండొంతులు తాగునీరు, పారిశుద్ధ్యం, చెత్త నిర్వహణకు. ఇష్టమొచ్చినట్టు వాడుకునే గ్రాంటు కాదది. అందుకే రోడ్డు పక్క మట్టి కనిపించకుండా పేవింగ్ చేయడానికి డబ్బు దొరికేది (దుమ్ము తగ్గుతుంది కాబట్టి), దాని పక్కనే వాననీటి కాలువకు దొరికేది కాదు. వింతగా అనిపిస్తుంది గానీ పద్దు ప్రకారం తప్పు లేదు. మీ పని దాదాపుగా జనరల్ ఫండ్ మీదే పడుతుంది. జనరల్ ఫండ్‌కు ప్రధాన ఆధారం ఆస్తిపన్ను.

ఆ పన్ను విషయంలోనూ కౌన్సిల్‌కు చేతులు కట్టేసే ఉన్నాయి. కోవిడ్ సమయంలో రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకోవాలంటే పట్టణ సంస్కరణలు చేయాలని కేంద్రం షరతు పెట్టింది. ఆ ఊపులో 2021 నుంచి ఆస్తిపన్నును అద్దె విలువ మీద లెక్కించే పద్ధతి పోయి మూలధన విలువ (ఆస్తి ధర) మీద లెక్కించే పద్ధతి వచ్చింది. రేటు ఏ హద్దుల మధ్య ఉండాలో రాష్ట్రమే నిర్ణయించింది, ఏటా పెంపు 15 శాతానికి మించకుండా కట్టడి పెట్టింది. కౌన్సిల్ ఆ హద్దుల మధ్య అంకె ఎంచుకోవడమే. పన్ను పెంచారని కార్పొరేటర్‌ను నిలదీసేవారు ఇది తెలుసుకుంటే మంచిది. (ఏప్రిల్ 30 లోపు ఏడాది మొత్తం కడితే 5 శాతం తగ్గింపు, గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ. పన్ను బాకీ పెట్టుకొని అర్జీ పట్టుకెళితే ఎదుటివాళ్ళ మొదటి ప్రశ్న దాని గురించే ఉంటుంది.)

ఇక ‘కౌన్సిల్ లేకుండా నడిచింది కదా’ అన్నదానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఇక్కడ పట్టణ పాలన వయసు చిన్నది కాదు. 1858లో పౌరులు స్వచ్ఛందంగా ఏర్పరచుకున్న సంఘంతో మొదలైంది. 1865 చట్టం కింద 1866లో మునిసిపాలిటీ అయింది. పక్కనున్న భీమునిపట్నం అంతకన్నా ముందు, 1861లోనే మునిసిపాలిటీ. డచ్చివారి కాలం నుంచి ఓడరేవుగా ఉన్న ఊరది, అందుకే ఆ తొందర. దేశంలో అతి పాత మునిసిపాలిటీల్లో ఒకటని భీమిలివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా. 1979లో విశాఖ కార్పొరేషన్ అయ్యాక తొలి ఎన్నికలు 1981లో. బీజేపీకి చెందిన ఎన్.ఎస్.ఎన్. రెడ్డి తొలి మేయర్. తర్వాత డి.వి. సుబ్బారావు, సబ్బం హరి, రాజాన రమణి. ఒక దశలో మేయర్‌కు ఓటర్లు నేరుగా ఓటేసేవారు. 2007 నాటికి ఆ పద్ధతి పోయి, కార్పొరేటర్లు ఎన్నుకునే పద్ధతి వచ్చింది, పులుసు జనార్దనరావు అలా మేయరయ్యారు. నేరుగా గెలిచిన మేయర్‌కు ఊరంతటి ఓటు అండ. పరోక్షంగా గెలిచినవారికి సభలో సంఖ్యే అండ, అది కరిగితే 2025లో జరిగిందే జరుగుతుంది. నా లెక్కలో మేయర్ పదవి బలహీనపడటానికి చట్టంలోని మిగతా సెక్షన్లన్నిటికన్నా ఈ మార్పే ఎక్కువ కారణం.

2005 నవంబరు 21న గాజువాక మునిసిపాలిటీని, 32 గ్రామాల్ని కలిపి గ్రేటర్ చేశారు. 2007లో 72 వార్డులకు ఎన్నికలు జరిగాయి, ఆ కౌన్సిల్ గడువు 2012 ఫిబ్రవరితో ముగిసింది. అక్కడినుంచి 2021 మార్చి దాకా ప్రభుత్వం నియమించిన ప్రత్యేకాధికారి పాలన. రాజ్యాంగం 243-యు అధికరణం ప్రకారం గడువు తీరేలోపే ఎన్నికలు జరగాలి. జరగలేదు. 2013లో భీమిలి, అనకాపల్లి మునిసిపాలిటీలను కలపడం, దానిపై కోర్టు కేసులు, వార్డుల పునర్విభజన ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. తీరా 2020 మార్చిలో ప్రక్రియ మొదలుపెడితే కోవిడ్ వచ్చి వాయిదా. చివరికి 2021 మార్చి 10న పోలింగ్.

ఆ తొమ్మిదేళ్ళలో కౌన్సిల్ అధికారాలూ స్థాయీ సంఘం అధికారాలూ ప్రత్యేకాధికారి ఒక్కరి చేతిలోనే. నిజాయితీగా చెప్పుకుంటే ఆ కాలంలో కొన్ని పెద్ద పనులు చకచకా అయ్యాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఊరిని చిత్తు చేశాక, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ ద్వారా 90 వేలకు పైగా వీధిదీపాల్ని కొద్ది నెలల్లోనే ఎల్‌ఈడీలుగా మార్చారు. నగరాల శుభ్రతకు ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో 2016లో 5వ ర్యాంకు, 2017లో 3వ ర్యాంకు. 2016 జనవరిలో స్మార్ట్ సిటీల తొలి జాబితాలో చోటు. ఒక్క సంతకంతో అయ్యే పనికి సభ అక్కర్లేదు.

నష్టం ఎక్కడంటే, ముందు డబ్బులో. 14వ ఆర్థిక సంఘం గ్రాంట్లు ఎన్నికైన పాలకవర్గం ఉన్న సంస్థలకే అని సిఫార్సు చేసింది, అది 2015–20 కాలం, అంటే ఇక్కడ కౌన్సిల్ లేని కాలమే. రెండోది, ఎల్‌ఈడీ దీపం ప్రతి స్తంభానికీ ఒకటే కాబట్టి పైనుంచి చూసినా తెలుస్తుంది. మీ వీధిలో నీళ్ళు ఏ మూల నిలుస్తాయో పైనుంచి తెలియదు. ప్రశ్న వేసే హక్కు, జీరో అవర్, అసమ్మతి నోటు ఇవేవీ ప్రత్యేకాధికారి పాలనలో ఉండవు. జనానికి మిగిలేది జీవీఎంసీ ఎదుట గాంధీ విగ్రహం దగ్గర ధర్నా. 2021 మార్చి నుంచి అయిదేళ్ళంటే ఆ కౌన్సిల్ గడువు కూడా 2026 మార్చితో సరి. ఎన్నిక ఆలస్యమైన ప్రతిసారీ ఇదే పరిస్థితి.

కాబట్టి మీరు చేయవలసినది, వరుసలో:

ముందు ఎస్టిమేటు ఉందా లేదా తేల్చుకోండి. ఏఈని అడిగి నంబరు, తేదీ రాసుకోండి. చెప్పకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ‘మా కాలువ ఎందుకు కట్టలేదు’ అని అడగకండి, ఎందుకు అన్నదానికి జవాబు చెప్పనక్కర్లేదని తప్పించుకుంటారు. ‘ఫలానా వార్డులో ఫలానా వీధి కాలువ ఎస్టిమేటు ప్రతి, నోట్ ఫైలు ప్రతి, ఏ పద్దు కింద ప్రతిపాదించారో ఆ ప్రతి’ అని అడగండి. ఉన్న కాగితం అడిగితే ఇవ్వక తప్పదు.

ఎస్టిమేటు ఉండి పద్దు లేకపోతే కార్పొరేటర్ అవసరం అప్పుడు. డిసెంబరు, జనవరి నెలల్లో, బడ్జెట్ తయారవుతున్నప్పుడే వెళ్ళండి. మార్చిలో వెళితే మళ్ళీ ఏడాది. పద్దు ఉండి టెండరు పడకపోతే కార్పొరేటర్ చేయగలిగింది తక్కువ. పాత బిల్లులు రాక కాంట్రాక్టర్లు ముందుకు రావడం లేదేమో చూడండి, ఆ సంగతి జోనల్ కమిషనర్ దగ్గర, అకౌంట్స్ విభాగంలో తేలాలి. పని మొదలయ్యాక కొలతల పుస్తకం ఎం-బుక్‌లో రాసే కొలతలు మీ కళ్ళముందు తీస్తున్నారా అన్నది చూసుకోండి. కాలువ గోడ మందం, అడుగు బెడ్డు కాంక్రీటు మట్టి కప్పాక కనబడవు.

మీ లేఅవుటు అనుమతి లేనిదైతే వేరే చిక్కు. రోడ్డు స్థలం కార్పొరేషన్‌కు గిఫ్ట్ డీడ్‌తో అప్పగించకపోతే అక్కడ ప్రజాధనం ఖర్చు పెట్టలేమంటారు. దాన్ని టౌన్ ప్లానింగ్ విభాగంలో ముందే సరిచూసుకోండి. ప్లాన్ అనుమతులు, లేఅవుట్ల క్రమబద్ధీకరణ కౌన్సిల్ ఓటుతో తేలే విషయాలు కావు, వాటికోసం మేయర్ చాంబర్ చుట్టూ తిరగడం దండగ.

అనకాపల్లి వైపు నుంచి చదువుతున్నవారికి ఒక మాట. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి వేరే జిల్లా అయింది గానీ ఆ పట్టణం జీవీఎంసీ జోన్‌గానే ఉండిపోయింది. కాలువ, చెత్త, ఆస్తిపన్ను జీవీఎంసీకి, రెవెన్యూ విషయాలు అనకాపల్లి కలెక్టరేట్‌కు. కార్పొరేషన్ పని మీద కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తే అది తిరిగి జోనల్ ఆఫీసుకే వస్తుంది, మధ్యలో కొన్ని వారాలు పోతాయి.

మీ వీధి ఎస్టిమేటు నంబరు, తేదీ దొరికితే కింద రాయండి. ఏ సంతకం దగ్గర ఆగిందో దాన్నిబట్టి చెప్పవచ్చు.